పూర్వానుభవం లేదు

షట్టరు ఎత్తి, గుమ్మంలో నీళ్లు చల్లి, చీరలు పరిచే పరుపుల మీద తెల్ల దుప్పట్లు మార్చేసరికి తొమ్మిదిన్నరయింది. లేయా చేతులు తుడుచుకుంటుంటే గల్లాపెట్టె దగ్గర నుంచి సందీప్ పిలిచాడు.

"లేయా, ఇలా వచ్చి ఓ సంతకం పెట్టు."

సందీప్ ఆ బట్టల కొట్టు యజమాని బసవపున్నారావు కొడుకు. హైదరాబాదులో ఎంబీయే చేసొచ్చి రెండేళ్లుగా తండ్రి పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటున్నాడు. నాలుగు కాగితాలకి పిన్ను కొట్టి, ఎక్కడెక్కడ సంతకం పెట్టాలో అక్కడ పెన్సిలుతో ఇంటూ గుర్తులు పెట్టి ఉంచాడు. లేయా నిలబడే మొదటి కాగితం చదివింది. పేరు, ఊరు, వయసు ఇరవై తొమ్మిది. రెండో కాగితంలో 'శిక్షణలో చేరిన తేదీ' అన్నచోట జూన్ ఒకటి అని, వారం కిందటి తేదీ ఉంది. దాని కింద 'పూర్వానుభవం' అన్నచోట 'లేదు' అని ఉంది.

ఆమె ఆ కొట్లో చేరి తొమ్మిదేళ్లయింది.

"ఇదేంటండీ, లేదని రాశారు?"

"అలాగే రాయాలి. ఇది పనిలేనివాళ్లకిచ్చే ట్రైనింగు." సందీప్ ఫోనులోంచి తలెత్తలేదు. "పల్లెటూళ్ల పిల్లల్ని తీసుకుని కొట్లో పని నేర్పిస్తే మూణ్ణెల్లు వాళ్ల జీతం గవర్నమెంటే ఇస్తుంది. నేర్పినందుకు మనకీ ఇస్తుంది. కాకపోతే బ్యాచికి పదిమంది ఉండాలి. మనకి దొరికింది ఎనిమిది మంది. నువ్వూ సురేషూ కలిస్తే పది."

సురేష్ షర్టింగు వైపు ఉంటాడు. అతను వచ్చి ఆరేళ్లు. అతని సంతకం పడిన కాగితాలు అప్పటికే మీటరు బద్ద కింద ఉన్నాయి.

"మరి కనకమ్మ పిన్ని?"

"ఆవిడకి నలభై ఎనిమిది. ముప్పై ఐదు దాటితే తీసుకోరు. మూణ్ణెల్లు ఆగి రమ్మన్నాం. పదిమంది ఉన్నాక ఇంక ఆవిడకి పనేముంటుంది?"

శనివారం నుంచి కనకమ్మ రావడం లేదు. జ్వరమేమో అనుకుంది లేయా. పట్టుచీరల బీరువాల ముందున్న పెద్ద పరుపు కనకమ్మది. దాని మీద దుప్పటి కూడా ఇందాకే మార్చింది.

"నేను పెట్టకపోతే ఏమవుతుందండీ?"

సందీప్ అప్పుడు తలెత్తాడు. కోపంగా ఏమీ చూడలేదు.

"బ్యాచ్ రాదు. పైనున్న ఎనిమిది మందినీ ఇంటికి పంపించాలి. నీ సంగతి నాన్నగారు చూసుకుంటారు."

లేయా ఇంటూ గుర్తులున్న నాలుగు చోట్లా సంతకం పెట్టింది. పెన్నుకి మూత పెట్టి బల్ల మీద ఉంచి, కనకమ్మ పరుపు దగ్గరకి వెళ్లి, నిన్న సాయంత్రం ఎవరో చూసి వదిలేసిన చీరలు మడత పెట్టడం మొదలుపెట్టింది.

*

మేడ మీద గది ఇదివరకు గోడౌను. ఇప్పుడు బట్టల బేళ్లన్నీ ఒక మూలకి నెట్టి, పన్నెండు ప్లాస్టిక్ కుర్చీలు వేసి, గోడకి పథకం పేరున్న ఫ్లెక్సీ కట్టారు. మధ్యాహ్నం రెండింటి నుంచి ఐదింటి దాకా క్లాసు. శిక్షణ ఏజెన్సీ తరఫున ఏలూరు నుంచి కీర్తిప్రియ అనే అమ్మాయి వస్తుంది. ఇరవై మూడేళ్లుంటాయి. ల్యాప్‌టాప్ తెరిచి, కస్టమర్ని చూసి ఎలా నవ్వాలో, నమస్కారం ఎప్పుడు పెట్టాలో బొమ్మలు వేసి చూపిస్తుంది. బొమ్మల్లో వాళ్లంతా టై కట్టుకుని ఉంటారు.

బొమ్మలు అయిపోయాక చీర మడత నేర్పాలి. అది కీర్తిప్రియకి రాదు. రాదని మొదటిరోజే చెప్పేసింది. అందుకని ఆ గంటన్నరా లేయా చెబుతుంది. కాగితం మీద మాత్రం ట్రైనర్ సందీప్.

మంగళవారం నాడు లావణ్య అనే పిల్ల చేతికి చీరిచ్చింది లేయా. చాట్రాయి వైపు పిల్ల. పందొమ్మిదేళ్లు. పోయిన నెల దాకా తోటల్లో కాయ కోతకి వెళ్లింది. కోతకర్ర పట్టిన చేతులు, అరచేతులు గరుకుగా ఉన్నాయి. చీర జరీ దారం చర్మానికి తగులుకుని సన్నగా లేచింది. లావణ్య భయపడిపోయి చీర వదిలేసింది.

"ఏం కాలేదు. వేళ్ల చివర్లతో పట్టుకో, అరచెయ్యి తగలనివ్వకు. ఇదిగో, ఇలా. అంచుకి అంచు కలుపు. ఎత్తు. గాలి పట్టనివ్వు. గాలే సగం మడత పెడుతుంది."

చీర తెరచాపలా లేచి, నడుం దగ్గర విరిగి, బల్ల మీద నాలుగు పలకలుగా పడింది. లావణ్య మళ్లీ తీసుకుంది. మూడోసారికి వచ్చింది. వెనక కుర్చీలో సురేష్ కునికిపాట్లు పడుతున్నాడు.

కీర్తిప్రియ ల్యాప్‌టాప్ మూసి దగ్గరకొచ్చింది.

"అక్కా, ఎల్లుండి జిల్లా ఆఫీసు నుంచి మేడం వస్తారు. అందరి చేతా మడత పెట్టించి చూస్తారు. మీరు..." గొంతు తగ్గించింది. "మీరు కొంచెం రానట్టు మడవాలి. కాగితాల ప్రకారం మీరు చేరి పన్నెండు రోజులే, అంతలో ఎవరూ అలా మడవరు."

"రానట్టంటే?"

"అంటే, కొంచెం నెమ్మదిగా. ఒకసారి జారిపోయినట్టు. మొన్న ఒక ఊళ్లో చెప్పుల షాపులో ఇలాగే దొరికిపోయి బ్యాచ్ క్యాన్సిలైంది అక్కా. ఏజెన్సీ వాళ్లు నన్నే అన్నారు."

లేయా ఒక చీర తీసుకుంది. తప్పు మడత పెట్టాలంటే ముందు ఆలోచించాల్సి వచ్చింది. అంచు కలపకుండా ఎత్తింది. చెయ్యి దానంతటదే అంచు వెతుక్కుని కలిపేసింది. మళ్లీ విప్పింది. ఈసారి కావాలని కొంగు వదిలేసింది. మోకాలితో ఆపి, కింద పడకముందే అందుకుంది. ఎనిమిది మంది పిల్లలూ చూస్తున్నారు. ఒక కుర్రాడు కిసుక్కుమన్నాడు. కీర్తిప్రియకి కూడా నవ్వొచ్చింది కానీ ఆపుకుంది.

"మేడం ముందు మీరు మడవొద్దులెండి. చెయ్యి బెణికిందని చెబుతాను. మరి, ఇంతకు ముందు ఏం చేసేవారని అడిగితే ఏమంటారు?"

"ఏమనాలి?"

"ఇంటి దగ్గర ఖాళీగా ఉన్నానని."

లేయా చీర మడిచి బొత్తిలో పెట్టింది. "సరే," అంది.

*

ఆ సాయంత్రం బస్టాండుకి వెళ్లకుండా షేరాటో ఎక్కి మామిడి యార్డు దగ్గర దిగింది. కాపు చివరికొచ్చినా యార్డులో లారీలు తగ్గలేదు. రేకుల షెడ్డు కింద వరిగడ్డి పరిచి బంగినపల్లి కాయ కుప్పలు పోసి ఉంది. ఆడవాళ్లు వరసగా కూర్చుని ఏరుతున్నారు. మచ్చ ఉన్న కాయ ఒకవైపు, తొడిమ విరిగిన కాయ ఒకవైపు, మంచి కాయ కాగితం పరిచిన క్రేటులోకి. వరస చివర్లో కనకమ్మ కూర్చుని ఉంది. కొట్లో కట్టుకునే గంజిపెట్టిన నేత చీర కాదు, పాత నైలెక్స్ చీర కట్టుకుంది.

"ఏంటే, ఇలా వచ్చావు?"

"జ్వరమేమో అనుకున్నాను పిన్నీ."

"జ్వరమైతే మాత్ర వేసుకుంటే తగ్గేది." కనకమ్మ కాయ తిప్పి చూసి క్రేటులో పెట్టింది. "కూర్చో. గడ్డి మీద కూర్చో, సొన అంటుతుంది."

లేయా కూర్చుంది. కనకమ్మ వేళ్ల సందుల్లో, మణికట్టు దగ్గర సొన పడి చర్మం నల్లగా కమిలింది. నాలుగు రోజులకే. లేయా చూడటం కనకమ్మ చూసింది.

"ఇంక ఈ చేతుల్తో పట్టు ముట్టుకోకూడదు. జిగురు ఎంత కడిగినా పోదు. తగిలితే మచ్చ."

"నేను సంతకం పెట్టాను పిన్నీ. నాకు అనుభవం లేదని రాశారు. నువ్వు నేర్పిందంతా లేదని రాసిచ్చాను."

"పెట్టక ఏం చేస్తావు? నీ ఒక్కదాని సంతకంతో ఆగే పనా అది." మరో కాయ. "పిల్లలెలా ఉన్నారు?"

"లావణ్య అని ఒకమ్మాయి. చెయ్యి బాగా తిరుగుతుంది. మిగతావాళ్లు పర్లేదు."

"ఎవరు చెబుతున్నారు?"

"నేనే."

"కాగితంలో?"

"సందీప్ గారు."

కనకమ్మకి నవ్వు ఆగలేదు. పక్కనున్నావిడ తిరిగి చూసేంత నవ్వింది. "వాడి పంచెల ఫంక్షనుకి పంచె కట్టింది నేనేనే. నిలబడరా అంటే నిలబడేవాడు కాదు."

నవ్వు తగ్గాక కనకమ్మ మళ్లీ ఏరడంలో పడింది. లేయా చెయ్యి చాపి కాయ తీసుకోబోయింది. కనకమ్మ ఆ చేతి మీద చిన్నగా కొట్టింది.

"నువ్వు ముట్టుకోకు. రేపు చీరలు చూపించాలి."

*

గురువారం పదకొండింటికి మేడం వచ్చింది. యాభై దాటిన మనిషి. ఎండలో వచ్చి ముఖం కందిపోయింది. కొబ్బరి నీళ్లిస్తే వద్దని, మామూలు నీళ్లు తాగి, మేడ మీద బల్ల ముందు కూర్చుంది. మేడం వస్తుందని ఆ రోజు పొద్దున్నే పిల్లలందరినీ పైకి పంపారు. సందీప్ మెట్ల దగ్గర నిలబడ్డాడు. అంతకుముందు మేడం కింద కొట్టంతా ఒక చుట్టు తిరిగింది. ఆ సమయానికి ఎవరో ఒకావిడ పై అరలో ఉన్న గద్వాల్ చీర చూపించమంటే లేయా స్టూలెక్కి, పై బరువు కదలకుండా కింది చీర లాగి పరుపు మీదకి విసిరింది. మేడం చూసిందో లేదో తెలియదు.

ఒక్కొక్కరినీ పిలిచి అడుగుతోంది. లావణ్య వంతు వచ్చింది.

"ఇంతకు ముందు ఏం చేసేదానివి?"

"తోటల్లో కాయ కోతకెళ్లేదాన్ని మేడం. కోత లేనప్పుడు ఊడ్పులకి."

"అది కాదమ్మా. ఉద్యోగం. షాపులో గానీ, ఆఫీసులో గానీ."

"లేదు మేడం."

మేడం 'లేదు' అని రాసుకుంది. తర్వాత లేయాని పిలిచింది. కీర్తిప్రియ వెంటనే, "ఆ అక్కకి చెయ్యి బెణికింది మేడం, మడత పెట్టలేదు," అంది. మేడం తలూపింది.

"ఇంతకు ముందు?"

లేయా నోట్లో సిద్ధంగా ఉన్న మాట ఒకటుంది. అది రాలేదు.

"ఇక్కడే చేస్తున్నానండీ. తొమ్మిదేళ్లు."

మెట్ల మీద సందీప్ ఒక అడుగు ముందుకేసి ఆగాడు. కీర్తిప్రియ ల్యాప్‌టాప్ వైపు చూస్తోంది. మేడం పెన్ను కాగితం మీద ఆనించి అలాగే ఉంచింది.

"నాకు తెలీదనుకోకమ్మా," అంది కాసేపటికి. "స్టూలెక్కి ఆ చీర లాగిన తీరు చూశాను. ఇక్కడ తొమ్మిదేళ్లని రాస్తే నీ పేరు పోతుంది. నీతో పాటు షర్టింగు వైపున్న ఆ అబ్బాయి పేరూ పోతుంది. ఎనిమిది మందితో బ్యాచ్ ఉండదు. ఈ పిల్లలు రేపు పొద్దున్న మళ్లీ కోతకి వెళ్తారు. చూపించడానికి ఈ చుట్టుపక్కల నా దగ్గర ఇంకో షాపు లేదు." పెన్ను ఎత్తింది. "ఏం రాయమంటావు? నువ్వు చెప్పిందే రాస్తాను."

లేయా వెనక్కి చూసింది. లావణ్య కుర్చీ అంచున కూర్చుని ఉంది. పాదాలకి పెద్దవైన పాత బూట్లు వేసుకున్న కుర్రాడొకడు రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. వాళ్లకి ఏమర్థమైందో తెలియదు గానీ అందరూ ఆమెనే చూస్తున్నారు.

లేయా ఏమీ అనలేదు. మేడం మరికాసేపు చూసి 'లేదు' అని రాసింది. రాసి పేజీ తిప్పింది.

"ట్రైనర్ ఎవరు?"

"నేనేనండీ," అన్నాడు సందీప్.

"మీ వయసు?"

"ఇరవై ఆరు."

"ట్రైనర్‌కి ఈ వ్యాపారంలో పదేళ్ల అనుభవం ఉండాలండీ. అంటే మీరు పదహారో ఏట నుంచీ అమ్ముతున్నారన్నమాట." మేడం నవ్వలేదు. "ఆ ఒక్క గడీ మాత్రం నేను ఇలా పంపలేను. ఆడిట్ వాళ్లు ముందు చూసేది అదే. నెలాఖరుకి మళ్లీ వస్తాను. ఈలోగా సరైన మనిషిని పెట్టండి."

"ట్రైనర్‌కి వయసు ఎంతలోపు ఉండాలండీ?" అని అడిగింది లేయా. ఆ అడిగింది తనేనని అడిగాక తెలిసింది.

"ట్రైనర్‌కి వయసుతో పనిలేదు," అంది మేడం కాగితాలు సర్దుకుంటూ.

*

శనివారం ఎండ మండిపోతోంది. రెండింటికి కీర్తిప్రియ రిజిస్టరు తిప్పింది. పేరు, సంతకం, వచ్చిన సమయం రెండు, వెళ్లే సమయం ఐదు. లేయా సంతకం పెట్టి, అదివరకటిలా కిందకి వెళ్లిపోకుండా చివరి వరసలో కూర్చుంది. ఎందుకు కూర్చుందో ఆమె కూడా పెద్దగా ఆలోచించలేదు.

రెండున్నరకి కింద కారు తలుపులు పడ్డాయి. ముసునూరు వైపు పెద్ద తోట ఉన్న నాగేశ్వరమ్మగారు, కోడలు, ఇద్దరు చెల్లెళ్లు. కాయ అమ్ముడైపోయింది, చిన్నమ్మాయికి పెళ్లి కుదిరింది. మూడు పట్టుచీరలూ, చుట్టాలకి పెట్టుబడి చీరలు అరవై దాకా కావాలి. మేడ మీదకి అన్నీ వినిపిస్తున్నాయి. సురేష్ బీరువా తలుపులు తీయడం, చీరలు ఒకదాని మీదొకటి పడటం, నాగేశ్వరమ్మగారి గొంతు.

"అన్నీ ఒక్కలాగే ఉన్నాయేంటయ్యా? ఆ కనకమ్మ ఏదీ?"

"లేదండీ, ఊరెళ్లింది."

"పోనీ ఆ రెండో అమ్మాయిని పిలవయ్యా. పెద్దదాని పెళ్లికి చూపించింది కదా."

ఒక్క నిమిషంలో సందీప్ మెట్లెక్కి వచ్చాడు.

"లేయా, రా."

ఆమె కాళ్లు కుర్చీ కింద నుంచి ముందుకి కదిలాయి. లేవబోయి ఆగింది.

"క్లాసు ఐదింటి దాకా ఉందండీ."

"ఏంటి?"

"ఐదింటి దాకా ఇక్కడున్నట్టు సంతకం పెట్టాను."

సందీప్ కీర్తిప్రియ వైపు చూశాడు. కీర్తిప్రియ స్క్రీను మీదున్న బొమ్మ వైపు చూసింది. అందులో టై కట్టుకున్నాయన చేతులు జోడించి నవ్వుతున్నాడు. సందీప్ కిందకి వెళ్లాడు. పది నిమిషాలు గడిచాయి. చీరలు పడే చప్పుడు ఆగిపోయింది. కోడలు ఫోనులో, "ఇక్కడేం లేవండీ, విజయవాడ వెళ్దామంటున్నారు అత్తయ్య," అంటోంది.

అప్పుడు మెట్ల మీద బరువైన అడుగులు వినిపించాయి. రెండు మెట్లకోసారి ఆగుతూ బసవపున్నారావు పైకి వచ్చాడు. మోకాళ్ల నొప్పులతో ఆయన మేడెక్కి ఏడాది దాటింది. గదంతా చూసి, ఫ్లెక్సీ చూసి, కీర్తిప్రియతో అన్నాడు.

"పిల్లల్ని కిందకి తీసుకెళ్లమ్మా. చల్లగా మజ్జిగ ఇప్పించమన్నానని చెప్పు."

గది ఖాళీ అయ్యాక లేయాకి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. లేయా లేచి నిలబడింది.

"కూర్చో. కింద నాగేశ్వరమ్మగారు ఎదురుచూస్తున్నారు."

"విన్నానండీ."

"విని?"

"నేను చేరి పదిహేను రోజులే కదండీ. పట్టుచీరలు ఇంకా నేర్పలేదు."

బసవపున్నారావు ఆమె ముఖంలోకి చూశాడు. వెటకారం కోసం వెతికాడు గానీ కనబడలేదు. తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు.

"జీతం పెంచమంటావా?"

"కాదండీ."

"మరేంటో చెప్పు. వాళ్లు వెళ్లిపోతారు."

"మేడంగారు ట్రైనర్ని మార్చమన్నారు కదండీ. కనకమ్మ పిన్ని పేరు రాయండి. పదేళ్లు ఉంటే చాలన్నారు. పిన్నికి ఇరవై రెండేళ్లు."

"కనకమ్మది ఐదో క్లాసు."

"ఆ గడిలో చదువు అడగలేదండీ."

కింద మజ్జిగ గ్లాసుల చప్పుడు.

"ట్రైనరంటే నీ పేరే అడగొచ్చుగా? చెబుతున్నది నువ్వేనంట."

"నాకు తొమ్మిదేళ్లేగా. పదికి ఒకటి తక్కువ." ఆగింది. "పైగా నాది లేదని రాసేశారు కదండీ."

బసవపున్నారావు గొంతులోంచి చిన్న శబ్దం వచ్చింది. నవ్వో దగ్గో తెలియలేదు. "సరే. సోమవారం నుంచి రమ్మని చెప్పు."

"నేను చెబితే రాదండీ. పంపించినవాళ్లే పిలవాలి."

ఆయన జేబులోంచి ఫోను తీసి, కళ్లజోడు నుదుటి మీదకి జరిపి, పేరు వెతికాడు. "కనకమ్మా, నేను," అన్నాడు. ఆ తర్వాత చాలాసేపు ఆయన మాట్లాడింది ఏమీ లేదు. మధ్యమధ్యలో "ఊ," అన్నాడు. ఒకసారి, "నిజమేలే," అన్నాడు. చివరికి, "లేదు, మూణ్ణెల్లకి కాదు. ఎప్పటికీ," అని ఫోను పెట్టేశాడు.

"నాలుక మాత్రం తగ్గలేదు," అన్నాడు లేస్తూ. లేయా కుర్చీ పట్టుకుంది. ఆయన ఆ ఆసరా తీసుకోలేదు. గోడ పట్టుకుని లేచాడు.

కిందకి వచ్చాక లేయా కాళ్లు కడుక్కుని పరుపెక్కింది. సురేష్ తీసి పోసిన చీరలన్నీ ఒక పక్కకి జరిపి, తెల్లదుప్పటి చేత్తో సాపు చేసింది.

"ఏమ్మా, పైన ఏం చేస్తున్నావు?" అంది నాగేశ్వరమ్మ.

"నేర్చుకుంటున్నానండీ."

"నువ్వు నేర్చుకునేదేముందే!"

లేయా బీరువాలోంచి ఒకే ఒక్క చీర తీసింది. గోరింటాకు రంగు. కొంగు విప్పి తన భుజం మీద వేసుకుని, వెలుతురు పడేలా ఒక పక్కకి తిరిగింది. నాగేశ్వరమ్మ చెయ్యి ముందుకొచ్చింది. తర్వాత మూడు గంటలు లేయా తల ఎత్తలేదు. అరవై రెండు పెట్టుబడి చీరలు సంచుల్లోకి వెళ్లేటప్పటికి ఆరున్నరయింది. సందీప్ బిల్లు కొడుతూ ఆమె వైపు చూడలేదు. ఆమెకి ఆఖరి బస్సుకి ఇంకా టైముంది.

*

సోమవారం రెండింటికి కనకమ్మ మేడెక్కింది. గంజిపెట్టిన నేత చీర కట్టుకుంది. చేతుల మీద సొన మచ్చలు ఇంకా అలాగే ఉన్నాయి. కీర్తిప్రియ రిజిస్టరు ఇచ్చి ట్రైనర్ అని ఉన్నచోట సంతకం పెట్టమంది. కనకమ్మ అక్షరం అక్షరం కూడబలుక్కుని రాసింది. కింద పది పేర్లూ వేలితో వరసగా చూసి పదో పేరు దగ్గర ఆగింది.

"నువ్వు కూడా ఇందులోనే ఉన్నావా?"

"ఉన్నాను పిన్నీ."

"నాకు శిష్యురాలిగా రాశారన్నమాట. ఇదొక్కటీ సరిగ్గానే రాశారు," అంది కనకమ్మ, రిజిస్టరు కీర్తిప్రియకి తిరిగిస్తూ.

చీరలు ముట్టుకోనంది. మచ్చ పడుతుంది. అందుకని ఆవిడ చెబుతుంటే లేయా విప్పి చూపించాలని అనుకున్నారు. లేయా నాలుగు చీరలు తెచ్చి బల్ల మీద పెట్టింది. కనకమ్మ వాటి వైపు చూడలేదు. కుర్చీలన్నీ గోడకి జరిపించి, పిల్లల్ని కింద చాప మీద కూర్చోబెట్టింది.

"మడత లేయా నేర్పిందిగా. మడత చేతుల్లో ఉంటుంది, అదే వస్తుంది. నేను నోటి మాట చెబుతాను. కొట్లోకి ఒకావిడ వచ్చింది. మొదట ఏమడుగుతారు?"

"నమస్కారం మేడం, మీకు ఎలా సాయపడగలం?" అన్నాడు ఒక కుర్రాడు స్లైడులో ఉన్నట్టు.

"తర్వాత?"

"ఎంతలో చూపించమంటారండీ?" అంది లావణ్య.

"అది అడక్కూడదు," అంది కనకమ్మ.

బల్ల దగ్గర చీర విప్పబోతున్న లేయా చేతులు ఆగాయి. రోజుకి యాభైసార్లు ఆమె అడిగే మాట అది. సురేష్ అడిగేదీ అదే, సందీప్ అడగమనేదీ అదే.

"పక్కన పదిమంది కూర్చుని ఉంటారు. మీరు ఎంతలో అంటే ఆవిడ తన చేతిలో ఎంతుందో అందరి ముందూ చెప్పాలి. ఉన్నావిడ గట్టిగా చెబుతుంది. లేనావిడ ఏం చేస్తుంది? రెండు చీరలు చూసి, మళ్లీ వస్తామని వెళ్లిపోతుంది. మళ్లీ రాదు. కాబట్టి ఎంతలో అని అడక్కండి. ఎవరికమ్మా అని అడగండి. కూతురికా, ఆడబిడ్డకా, పనావిడకి పెట్టడానికా. అది చెబితే చాలు, ఎంతలో చూపించాలో మీకే తెలుస్తుంది. ఆవిడ పరువు ఆవిడ దగ్గరే ఉంటుంది."

లేయా కళ్లముందు కనకమ్మ పరుపు మీద కూర్చున్న రోజులన్నీ ఒకదాని వెంట ఒకటి తిరిగాయి. ఒక్కసారీ, ఎవరినీ, ఎంతలో అని అడగలేదు ఆవిడ. పక్కనే కూర్చుని తొమ్మిదేళ్లు తను అది వినలేదు.

"నాకెప్పుడూ చెప్పలేదేం పిన్నీ?"

"నువ్వెప్పుడు కూర్చున్నావే వినడానికి? వచ్చిన రోజే చీరలెత్తావు."

కింద నుంచి సందీప్ పిలుపు వినిపించింది. ఎవరో కస్టమర్లు వచ్చారు. రెండోసారి పిలుపు రాలేదు. సురేష్ నీరసంగా లేచి కిందకి వెళ్లాడు. లేయా చీర బల్ల మీదే వదిలేసి చాప చివర కూర్చుంది. లావణ్య జరిగి చోటిచ్చింది.

"కూర్చోవడం తర్వాత. ముందు ఈ మాట పిల్లల చేత అనిపించాలి," అంది కనకమ్మ. "లేయా, లే. గుమ్మం దాకా వెళ్లి కస్టమర్‌లా రా. లావణ్యా, నువ్వు బల్ల దగ్గరికెళ్లి అడుగు."

లేయా గుమ్మం దాకా వెళ్లి తిరిగింది. చెప్పులు విప్పుతున్నట్టు ఆగి, లోపలికి నడిచి వచ్చి, బల్లకి ఇవతల నిలబడింది. తొమ్మిదేళ్లలో కొనేవాళ్ల వైపు ఎప్పుడూ నిలబడలేదు. లావణ్య గొంతు సవరించుకుంది. గరుకు చేతులు రెండూ వెనక్కి పెట్టుకుంది.

"ఎవరికమ్మా?"

చెల్లెలికని చెబుదామనుకుంది లేయా. అమ్మకని చెబుదామనుకుంది. ఆటకి ఏదైనా ఒకటే. పిల్లలు ఎదురుచూస్తున్నారు.

"నాకే," అంది.

లావణ్య ఏం చెయ్యాలో తోచక కనకమ్మ వైపు చూసింది.

"విన్నావుగా," అంది కనకమ్మ. "చూపించు మరి."